యాంటీవైరస్ కొనే ముందు ఇవి చేయండి: ఇంటి కంప్యూటర్‌కు రక్షణ, దశలవారీగా

"ఏ యాంటీవైరస్ కొనమంటారు?" అని అడిగేవారు తగ్గడం లేదు. నా సమాధానమూ మారడం లేదు: ముందు ఏదీ కొనకండి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఎలాగూ ఉంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఇంటి వాడకానికి సరిపోతుంది. ఇంటి కంప్యూటర్లలో చేరే వైరస్‌లలో చాలావరకు తలుపు బద్దలు కొట్టుకుని రావు. మనమే డబుల్ క్లిక్ చేసి లోపలికి పిలుస్తాం. ఎంత ఖరీదైన యాంటీవైరస్ కొన్నా, "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని ఎవరో రాసింది చూసి మనమే ఆపేస్తే అది చేయగలిగింది ఏమీ లేదు.

విండోస్ 11ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మెనూల పేర్లు అప్‌డేట్‌ను బట్టి అటూఇటూ కావచ్చు. మ్యాక్ వాడేవారికి విడిగా ఒక చిన్న భాగం ఉంది. కంప్యూటర్‌కు ఇప్పటికే ఏదో సోకిందన్న అనుమానం ఉంటే ఈ దశలు మొదలుపెట్టకండి, నేరుగా "ఇప్పటికే సోకితే" అన్న భాగానికి వెళ్లండి.

కావలసినవి

- తీరికగా కూర్చోవడానికి ఒక పూట
- కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ (కంప్యూటర్‌లో దేన్నైనా మార్చగల ఖాతా) పాస్‌వర్డ్
- మీ ఫొటోలు, పత్రాలు అన్నీ పట్టి ఇంకా చోటు మిగిలే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు
- కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్ (వెంటనే అవసరం పడదు, పడిన రోజున వెతుక్కోవలసి రాకూడదు)
- కాగితం, పెన్ను

కాగితం ఎందుకంటే, చాలా కొత్త కంప్యూటర్లలో డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. విండోస్‌లో ఆ పని చేసేది బిట్‌లాకర్. ఏదైనా తేడా వస్తే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందేమో చూసి, ఉంటే ఈరోజే రాసి పెట్టుకోండి. కంప్యూటర్ తెరుచుకోని రోజున, ఆ కంప్యూటర్‌లోనే భద్రంగా దాచుకున్న కీ అక్కరకు రాదు.

1. ముందు బ్యాకప్

రక్షణ గురించి రాసేవారు దీన్ని చివర్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు. నా లెక్కలో ఇదే మొదటిది. మిగతావన్నీ విఫలమైనా మీ ఫొటోలు మీకు మిగలాలి.

ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్, ఇంకా మీరు వేరేగా పెట్టుకున్న ఫోల్డర్లు ఉంటే వాటినీ కాపీ చేయండి. పూర్తయ్యాక డిస్కును తీసి పక్కన పెట్టండి.

ఎక్కువమంది పొరబడేది ఈ చివరి మాట దగ్గరే. సౌకర్యంగా ఉంటుందని డిస్కును ఎప్పుడూ తగిలించే ఉంచుతారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ లోపలికి వస్తే, కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ప్రతి డ్రైవ్‌కూ తాళం వేస్తుంది. అప్పుడు అసలూ పోతుంది, నకలూ పోతుంది.

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివి ఉన్నాయి కదా అంటారు. అవి సింక్ చేస్తాయి. కంప్యూటర్‌లో చెడిన ఫైలును అంతే నమ్మకంగా పైకి పంపుతాయి. పాత ప్రతులను కొంతకాలం దాచి ఉంచుతాయి కాబట్టి రెండో ఆసరాగా పనికివస్తాయి, మొదటి ఆసరాగా కాదు.

*సరిచూసుకోండి:* ఆ డిస్కును వీలైతే మరో కంప్యూటర్‌కు తగిలించి, ఒక పాత ఫొటో, ఒక పత్రం, ఒక వీడియో తెరవండి. ఫైలు పేరు కనిపించడం వేరు, ఫైలు తెరుచుకోవడం వేరు.

2. అప్‌డేట్లు

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, ఉన్నవన్నీ వేసి, రీస్టార్ట్ చేయండి. మళ్లీ వచ్చి చూడండి, ఒకటి వేశాక మరొకటి బయటపడుతుంది. "మీ కంప్యూటర్ అప్ టు డేట్‌గా ఉంది" అనే వరకు ఆపకండి.

2017 మే 12న మొదలైన వానాక్రై ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లను పట్టుకుంది. అది వాడుకున్న లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న విడుదల చేసింది. రెండు నెలలు "తర్వాత గుర్తు చేయి" నొక్కుతూ వచ్చినవారికి జరిగిన నష్టం అది. ఎవరూ క్లిక్ చేయకుండానే లోపలికి వచ్చే ఇలాంటి వైరస్‌లకు అసలు మందు అప్‌డేటే.

హెచ్చరిక: విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కంప్యూటర్ సహకరిస్తే విండోస్ 11కు మారండి. సహకరించకపోతే మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకోవచ్చు. ఇంటర్నెట్, ఉత్తరాలు, సినిమాలు మాత్రమే మీ అవసరమైతే విండోస్ బదులు లినక్స్ మింట్ లేదా ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. పాత యంత్రానికి అది శిక్షేమీ కాదు.

విండోస్‌తో పాటు బ్రౌజరు, పీడీఎఫ్ రీడరు, ఆఫీస్ ప్రోగ్రాములను కూడా అప్‌డేట్ చేయండి. వాడనివి తీసేయండి.

3. డిఫెండర్ నిజంగా పని చేస్తున్నదా?

విండోస్ సెక్యూరిటీ తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, మేనేజ్ సెట్టింగ్స్ నొక్కండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్, ఈ మూడూ ఆన్‌లో ఉండాలి.

అదే పేజీలో కిందికి వస్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. డిఫెండర్ చూడకుండా వదిలేయాల్సిన ఫోల్డర్ల జాబితా అది. మామూలు ఇంటి కంప్యూటర్‌లో అది ఖాళీగా ఉండాలి. మీరు ఏమీ చేర్చకపోయినా అందులో ఏదో ఫోల్డరు, లేదా సీ డ్రైవ్ మొత్తం కనిపిస్తే, లోపలికి వచ్చిన ప్రోగ్రామేదో తనకు తాను మినహాయింపు రాసుకుందన్నమాట. పైన అంతా పచ్చ టిక్కులతో కళకళలాడుతూ ఉంటుంది, లోపల కాపలా ఉండదు. ఈ జాబితా తెరిచి చూసినవారు నాకు తెలిసి చాలా తక్కువ.

తర్వాత ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ చూడండి. ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే, డిఫెండర్ నమ్మని ప్రోగ్రాములేవీ మీ డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో మార్పులు చేయలేవు. ఒక్కోసారి మంచి ప్రోగ్రామును కూడా అడ్డుకుంటుంది. ఆట సేవ్ కాకపోవచ్చు, ఫొటో ఎడిటరు అలగవచ్చు. అప్పుడు ఆ ఒక్క ప్రోగ్రామును అనుమతించిన వాటి జాబితాలో చేర్చండి. చిరాకుపడి మొత్తం ఆపేయకండి.

వేరే యాంటీవైరస్ వాడుతున్నారా? వాడండి, కానీ ఒక్కటే. అది ఉన్నప్పుడు డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. డిఫెండర్ కాక మరో రెండు ఒకేసారి పెడితే రక్షణ రెట్టింపు కాదు. అవి ఒకదాని పనికి ఒకటి అడ్డం పడతాయి, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరి మూలన పడి ఉంటే, దాన్ని తీసేసి రీస్టార్ట్ చేయండి. డిఫెండర్ తిరిగి పనిలోకి వచ్చిందో లేదో చూడండి.

*సరిచూసుకోండి:* ఐకార్ సంస్థ వెబ్‌సైటులో 68 అక్షరాల పరీక్ష ఫైలు దొరుకుతుంది. అది వైరస్ కాదు, ఎవరికీ హాని చేయదు. యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గా గుర్తించాలని ముందే కుదుర్చుకున్న గుర్తు. డౌన్‌లోడ్ చేయబోతే బ్రౌజరో డిఫెండరో అడ్డుకోవాలి. ఫైలు చక్కగా దిగి డౌన్‌లోడ్స్‌లో కూర్చుంటే మీ కాపలా నిద్రలో ఉన్నట్టే. ఇది కాపలా మెలకువగా ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ప్రతి కొత్త వైరస్‌నూ పట్టుకుంటుందన్న హామీ మాత్రం ఇవ్వదు.

4. రోజువారీ పనికి వేరే ఖాతా

చాలా ఇళ్లలో అందరూ అడ్మినిస్ట్రేటర్లే. కంప్యూటర్ కొన్నప్పుడు తెరిచిన ఖాతాతోనే పిల్లల ఆటలు, పెద్దల బ్యాంకు పనులు అన్నీ నడుస్తాయి. దీన్ని మార్చడం పది నిమిషాల పని, కానీ వరుస తప్పకూడదు:

ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌కు వెళ్లి ఒక కొత్త ఖాతా తెరిచి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చండి. బలమైన పాస్‌వర్డ్ పెట్టండి. ఒకసారి ఆ ఖాతాతో లాగిన్ అయి అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఆ తర్వాతే, ఆ కొత్త ఖాతాలో ఉండి, మీ పాత ఖాతాను స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి. మీ ఫైళ్లు, డెస్క్‌టాప్ ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇకపై ఏదైనా ప్రోగ్రాము కంప్యూటర్ మొత్తాన్ని మార్చాలనుకుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు అడిగితే సహజం. ఫొటో తెరిస్తే అడిగిందంటే అది ఫొటో కాదు. అలాగని దీనిమీదే భారమంతా వేయకండి. స్టాండర్డ్ ఖాతాలో నడిచే ర్యాన్సమ్‌వేర్ కూడా ఆ ఖాతాలోని ఫైళ్లకు తాళం వేయగలదు.

5. ఫైలు అసలు పేరు కనిపించేలా చేయండి

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కండి. అంతే.

విండోస్ ఫైలు పేరులోని తోకను మామూలుగా దాచేస్తుంది. "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అన్న ఫైలు మీకు "బిల్లు.పీడీఎఫ్"గా కనిపిస్తుంది. చివర ఈఎక్స్ఈ ఉంటే అది పత్రం కాదు, ప్రోగ్రాము. 2000 మేలో ప్రపంచాన్ని చుట్టిన ఐ లవ్ యూ వైరస్ ఈ ఎత్తే వేసింది. ప్రేమలేఖ పేరుతో వచ్చిన ఆ ఫైలు చివర టీఎక్స్‌టీ అని చూసి జనం అది వట్టి అక్షరాల ఫైలే అనుకున్నారు. ఆ తర్వాత ఉన్న, అది ప్రోగ్రామని చెప్పే వీబీఎస్ వారికి కనిపించలేదు. పాతికేళ్లు దాటినా ఈ సెట్టింగ్ ఇంకా అలాగే ఉంది, ఈ ఎత్తు ఇంకా పారుతూనే ఉంది.

ఉత్తరంలోనో జిప్‌లోనో వచ్చిన ఫైలు తోక ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, ఎస్‌సీఆర్, బీఏటీ, వీబీఎస్, జేఎస్ అయితే తెరవకండి. షార్ట్‌కట్ ఫైళ్ల తోక మాత్రం ఈ సెట్టింగ్ పెట్టినా కనిపించదు. జిప్‌లోంచి తీసిన "పత్రం" పక్కన టైప్ అనే గడిలో షార్ట్‌కట్ అని ఉంటే దాన్నీ తొలగించండి. పత్రాన్ని షార్ట్‌కట్‌గా ఎవరూ పంపరు.

6. బ్రౌజరు

ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరవండి. ఎందుకు వేశారో గుర్తులేని ప్రతిదాన్నీ తీసేయండి. మీరు తెరిచే ప్రతి పేజీలో ఉన్నదంతా చదివే అనుమతి వాటిలో చాలావాటికి ఉంటుంది.

తర్వాత నోటిఫికేషన్ల అనుమతులు. "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు!" అని తెర మూలన పదే పదే వచ్చే హెచ్చరికలు చాలాసార్లు వైరస్ పని కాదు. ఎప్పుడో ఏదో సైటులో "అలౌ" నొక్కినందుకు ఆ సైటు పంపుతున్న ప్రకటనలు. బ్రౌజరు సెట్టింగ్స్‌లో ఆ సైటు అనుమతి తీసేస్తే అవి ఆగిపోతాయి. వాటిలో ఉన్న ఫోను నంబరుకు ఎప్పుడూ ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదు.

ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసుకోండి: ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్. ఇది సుఖం కోసమే కాదు. ఏదైనా ప్రోగ్రాము పేరు వెతికినప్పుడు ఫలితాల పైన వచ్చే ప్రకటన ఒక్కోసారి నకిలీ సైటుకు తీసుకెళ్తుంది. సైటు అచ్చం అసలు దానిలా ఉంటుంది, దిగే ఫైలు మాత్రం వేరు.

7. మీ చేతులతోనే చేయించే మోసం

2024 నుంచి బాగా పెరిగిన ఎత్తు ఇది. కాబట్టి కాస్త నింపాదిగా చదవండి.

ఏదో పేజీ తెరుస్తారు. "నేను రోబోను కాదు" అన్న గడి వస్తుంది. అలవాటుగా టిక్ పెడతారు. అప్పుడు చిన్న పెట్టె తెరుచుకుని మూడు మెట్లు చూపిస్తుంది: విండోస్ కీతో పాటు ఆర్ నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ నొక్కండి. మీరు టిక్ పెట్టిన క్షణంలోనే ఆ పేజీ ఒక ఆదేశాన్ని మీ క్లిప్‌బోర్డులోకి (కాపీ చేసినవి అతికించేదాకా ఉండే చోటు) కాపీ చేసేసింది. విండోస్ కీ, ఆర్ నొక్కితే వచ్చే రన్ పెట్టె ఇరుకైనది. అతికించిన పొడవాటి ఆదేశంలో చివరి ముక్కే కనిపిస్తుంది. ఆ చివర "రోబో కాదని ధ్రువీకరణ, సంఖ్య ఇంత" అని అమాయకంగా రాసి ఉంటుంది. అసలు ఆదేశం ఎడమ వైపు, కనబడకుండా ఉంటుంది. ఎంటర్ నొక్కితే అది ఎక్కడి నుంచో ప్రోగ్రామును తెచ్చి నడుపుతుంది. మీరు డౌన్‌లోడ్ చేసిన ఫైలంటూ ఏదీ ఉండదు కాబట్టి బ్రౌజరు హెచ్చరిక కూడా రాదు.

రోబో పరీక్ష ఏదీ బ్రౌజరు దాటి బయటికి రమ్మనదు. రన్ పెట్టె, పవర్‌షెల్, టెర్మినల్ (ఈ రెండూ ఆదేశాలు టైప్ చేసే కిటికీలు), ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ గడి, వీటిలో ఏదైనా అతికించమని వెబ్‌పేజీ అడిగితే ట్యాబ్ మూసేయండి. అతికించి ఎంటర్ నొక్కకపోతే ఏమీ జరగలేదు, చెరిపేయండి. ఎంటర్ నొక్కి ఉంటే ఆలస్యం చేయకుండా "ఇప్పటికే సోకితే" చూడండి.

రెండోది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, దొంగ యాక్టివేటర్లు. వీటి సూచనల్లో యాంటీవైరస్ ఆపమన్న మాట దాదాపు తప్పకుండా ఉంటుంది. ఎందుకో వివరించనక్కర్లేదు. డబ్బు పెట్టలేకపోతే ఉచిత ప్రత్యామ్నాయాలున్నాయి: పత్రాలకు లిబ్రే ఆఫీస్, బొమ్మలకు గింప్, వీడియోలకు వీఎల్‌సీ. అన్నింటినీ వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి.

*సరిచూసుకోండి:* దించిన ఫైలుపై అనుమానం ఉంటే వైరస్‌టోటల్ సైటులో వేయండి. పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లు దాన్ని పరీక్షిస్తాయి. ఒకటి రెండు ఎర్ర గుర్తులు పొరపాటు కావచ్చు, చాలా వస్తే ఫైలు తీసేయండి. అన్నీ పచ్చగా వచ్చినా, ఆ ఫైలు నిన్ననే పుట్టినదైతే పూర్తిగా నమ్మకండి. మీ సొంత పత్రాలు మాత్రం అక్కడ పెట్టకండి, అక్కడికి ఎక్కించిన ఫైళ్లను భద్రతా పరిశోధకులు కూడా చూడగలరు.

మ్యాక్ వాడేవారికి

మ్యాక్‌కు వైరస్ రాదన్నది పాత మాట. గేట్‌కీపర్, ఎక్స్‌ప్రొటెక్ట్ అనే రక్షణలు అందులో ముందే ఉంటాయి, వాటిని ఆపమనే సూచనలు పాటించకండి. పైన చెప్పిన 1, 2, 4, 6, 7 మీకూ వర్తిస్తాయి. ఏడోదానిలో రన్ పెట్టె బదులు టెర్మినల్ ఉంటుంది, అంతే తేడా. బ్యాకప్‌కు మ్యాక్‌లోనే ఉన్న టైమ్ మెషీన్ వాడండి.

ఇప్పటికే సోకితే

లక్షణాలు: బ్రౌజరు హోమ్‌పేజీ దానంతటదే మారడం, డిఫెండర్ తెరుచుకోకపోవడం, ఇంటి కంప్యూటర్‌లో బ్రౌజరు "మీ సంస్థ నిర్వహణలో ఉంది" అని చూపించడం, మీరు పంపని సందేశాలు మీ పేరుతో వెళ్లడం. కంప్యూటర్ నెమ్మదించడం ఒక్కటే అయితే వైరస్ అనుకోకండి. డిస్కు నిండినా అలాగే ఉంటుంది.

1. ఇంటర్నెట్ తీసేయండి. వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి.

2. వేరే పరికరం నుంచి, ఉదాహరణకు మీ ఫోను నుంచి, పాస్‌వర్డులు మార్చండి. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. సోకిన కంప్యూటర్‌లోనే మార్చడం చాలామంది చేసే పొరపాటు. కొత్త పాస్‌వర్డ్ కూడా అలాగే దొంగ చేతికి వెళ్తుంది. మార్చాక "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" తప్పక నొక్కండి. నేటి దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డుతో పాటు బ్రౌజరు కుకీలనూ (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపట్టే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోతాయి. వాటితో పాస్‌వర్డ్ లేకుండానే మీ ఖాతాలో కూర్చోవచ్చు. రెండంచెల ధ్రువీకరణ లేకపోతే ఇప్పుడే పెట్టండి.

3. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్, అందులో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలుకాకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది.

4. రెండో అభిప్రాయానికి మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్, లేదా మాల్‌వేర్‌బైట్స్ ఉచిత స్కాన్ వాడవచ్చు. వేరే కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి. సేఫ్టీ స్కానర్ దించిన 10 రోజులకు గడువు తీరుతుంది కాబట్టి పాత ప్రతిని వాడకండి.

5. స్కాన్లు శుభ్రమన్నా లక్షణాలు పోకపోతే, లేదా పైన "మీ చేతులతోనే చేయించే మోసం"లో చెప్పిన ఆదేశాన్ని నడిపి ఉంటే, విండోస్‌ను మళ్లీ వేయడమే నా సలహా. శుభ్రమైన మరో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, ఆ 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను తయారు చేసుకోండి. దానిలో ఉన్నదంతా చెరిగిపోతుంది. రోజంతా శుభ్రం చేసి "పోయిందనుకుంటా" అనుకోవడం కన్నా పూట ఖర్చుపెట్టి కొత్తగా వేసుకోవడం మేలు.

6. ర్యాన్సమ్‌వేర్ అయితే, తాళం పడిన ఫైళ్లను చెరిపేయకండి, వేరే డిస్కులో దాచండి. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైటులో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. ఈరోజు లేనిది కొన్ని నెలల తర్వాత రావచ్చు. డబ్బు కడితే ఫైళ్లు తిరిగొస్తాయన్న హామీ ఎవరూ ఇవ్వరు.

7. కొత్త విండోస్ మీదికి బ్యాకప్ తెచ్చుకునే ముందు, పైన మొదటి భాగంలోని (అప్‌డేట్ల నుంచి ఫైలు పేర్ల వరకు) 2 నుంచి 5 వరకు దశలు పూర్తి చేసి, ఆ డిస్కును స్కాన్ చేయండి. ఫొటోలు, పత్రాలు, వీడియోలు మాత్రమే కాపీ చేయండి. పాత ఇన్‌స్టాలర్లు, జిప్‌లు అక్కడే వదిలేయండి, ప్రోగ్రాములను కొత్తగా దించుకోండి.

ఆఖరున మీ ఈమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరిచి చూడండి. మీ ఉత్తరాల నకళ్లు తెలియని చిరునామాకు వెళ్లేలా దొంగ ఒక నియమం రాసిపెట్టి ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చినా, కంప్యూటర్ మార్చినా అది పోదు. కనిపిస్తే తీసేసి, రికవరీ ఫోను నంబరు, రికవరీ ఈమెయిల్ మీవేనా అని కూడా చూసుకోండి.